పులులు దిగివచ్చే దారిలో ఎదురు ప్రయాణం

తెలంగాణలో చట్టరీత్యా జాతీయ ఉద్యానాలుగా ప్రకటితమైనవి మూడే. కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం, మహావీర్ హరిణ వనస్థలి, మృగవని అనే ఆ మూడూ హైదరాబాదు నగరంలోనో నగరపు అంచునో ఉండి, చుట్టూ భవనాలు కమ్ముకొన్న చిన్న పచ్చని తునకలుగా మిగిలినందువల్ల, పులినీ అడవిదున్ననూ వాటి సొంత నెలవులో కెమెరాకు అందుకోవాలని కోరుకొనే జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ఔత్సాహికులకు రాష్ట్ర సరిహద్దు దాటి మహారాష్ట్రలోని తాడోబా వైపు చూడక తప్పదు. అయితే ఆ ప్రయాణాన్ని తాడోబా ద్వారం దగ్గర మొదలై అక్కడే ముగిసేదిగా భావించి, మధ్యలోని దారినంతా రాత్రికి రాత్రి దాటేయవలసిన అడ్డంకిగా లెక్కగట్టే అలవాటు మాత్రం సరైనది కాదు. తాడోబా నుంచి దక్షిణంగా చంద్రపూర్, ఆసిఫాబాద్, మహదేవ్‌పూర్, తాడ్వాయి, పాకాల వరకు సాగే అడవుల వరుసే పులులు కొత్త చోటు వెతుక్కుంటూ దిగివచ్చే దారి. ఈ 3 జిల్లాల నుంచి బయలుదేరే యాత్రికుడు చేసేది ఆ దారిలో ఎదురు ప్రయాణమే కనుక, ప్రణాళికను కూడా ఆ దృష్టితోనే వేసుకోవడం మేలు.

ముందుగా కొన్ని మాటలకు అర్థం స్పష్టం చేసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం, జాతీయ ఉద్యానం రెండూ రక్షిత ప్రాంతాలే అయినా, అభయారణ్యంలో పశువుల మేత వంటి కొన్ని స్థానిక హక్కులు అధికారుల నియంత్రణకు లోబడి కొనసాగే వీలుండగా, జాతీయ ఉద్యానంలో మేతకు అసలే తావు లేదు. టైగర్ రిజర్వ్ అనేది ఈ రెండింటిపై పరచిన మరొక పొర. అందులో మనుషుల అలికిడి వీలైనంత తగ్గించిన నడిమి భాగాన్ని కోర్ అనీ, ఊళ్లూ పొలాలూ అడవీ కలిసి ఉండే చుట్టు భాగాన్ని బఫర్ అనీ అంటారు. 1955లో ఏర్పడిన తాడోబా మహారాష్ట్రలోకెల్లా పాత జాతీయ ఉద్యానం. దానికి పక్కనున్న అంధారి అభయారణ్యాన్ని కలిపి 1995లో తాడోబా-అంధారి టైగర్ రిజర్వ్‌గా చేశారు. మన కవ్వాల్, అమ్రాబాద్ టైగర్ రిజర్వులైనప్పటికీ జాతీయ ఉద్యానాలు కావన్న సంగతి చాలామంది గమనించరు.

నిజానికి భూపాలపల్లికి తాడోబాకన్నా దగ్గరగా మరొక జాతీయ ఉద్యానం ఉంది. గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉన్న ఇంద్రావతి ఉద్యానం 1981లో ప్రకటితమై, 1983లో టైగర్ రిజర్వ్ అయింది. మధ్య భారతంలో అడవి బర్రెలు మిగిలిన అతి కొద్ది చోట్లలో అదొకటి. దశాబ్దాల పాటు మావోయిస్టులకూ భద్రతా దళాలకూ మధ్య సాగిన పోరు వల్ల అక్కడ పర్యాటకం వేళ్లూనలేదు. సామాన్య యాత్రికుడు ముందుగా సీటు ఖాయం చేసుకొని వెళ్లగలిగే సఫారీ వ్యవస్థ కోసం చూస్తే తాడోబాయే మిగులుతుంది.

పులుల సంఖ్యను చూస్తే ఈ ఎంపిక ఎంత సహజమో తెలుస్తుంది. 2022 నాటి జాతీయ గణన అంచనా ప్రకారం దేశంలో 3,682 పులులుండగా, మహారాష్ట్రలో 444, తెలంగాణలో 21 మాత్రమే ఉన్నాయి. ఒక్క తాడోబా-అంధారి రిజర్వులోనే 97 లెక్కకు వచ్చాయి. పులి పిల్ల రెండేళ్ల వయసుకు అటూఇటుగా తల్లిని విడిచి తన సొంత ఇలాకా కోసం బయలుదేరుతుంది. అప్పటికే పెద్ద పులులు పంచుకొన్న తాడోబా అడవిలో చోటు దొరకని కుర్ర మగపులులు రాజురా మీదుగా కాగజ్‌నగర్ వైపు, అక్కడి నుంచి ప్రాణహిత, గోదావరి నదులు దాటి మహదేవ్‌పూర్, తాడ్వాయి, కొత్తగూడ వైపు వస్తుండగా, మరికొన్ని ఇంద్రావతి నుంచి నేరుగా గోదావరి దాటి వస్తాయి. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ జిల్లాల్లో పులి అడుగులు కనిపించాయన్న వార్తలు చలికాలంలో తరచూ వినబడడానికి మూలం ఇదే. ఆ వచ్చిన పులులు ఇక్కడ స్థిరపడలేకపోతున్నాయన్నదే బాధాకరం. 2021లో తాడ్వాయి అడవిలో వేటగాళ్లు పన్నిన ఉచ్చుకు ఒక పులి బలైంది.

నెల, వారం, జాతర

ప్రయాణానికి నెల నిర్ణయించడమే ప్రణాళికలో సగం పని. వానాకాలంలో, అంటే జులై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు, తాడోబా కోర్ ప్రాంతాన్ని మూసివేస్తారు. మిగతా నెలల్లో కూడా మంగళవారం సెలవు. శని, ఆదివారాల సీట్లు చాలా ముందుగానే నిండిపోతాయి కనుక, సెలవు దొరికే ఉద్యోగులూ ఉపాధ్యాయులూ బుధ, గురువారాలను ఎంచుకొంటే ఖర్చూ తగ్గుతుంది, అడవిలో జిప్సీలనే సఫారీ బండ్ల రద్దీ కూడా తగ్గుతుంది. సఫారీ సీట్లను మహారాష్ట్ర అటవీ శాఖ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారానే ఖాయం చేసుకోవాలి. ఆ సమయంలో ఇచ్చిన గుర్తింపు కార్డు అసలు ప్రతినే ద్వారం దగ్గర చూపవలసి ఉంటుంది. ఒక జిప్సీలో 6 మంది సందర్శకులతో పాటు డ్రైవరు, గైడు ఉంటారు. పెద్ద లెన్సులున్న వారు నలుగురికి మించకుండా ఒక బండి మాట్లాడుకొంటే, రెండు పక్కలా కదలడానికి చోటుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాలి, వాగులు ఎండి, జంతువులన్నీ మిగిలిన కొద్దిపాటి నీటి మడుగులకు చేరతాయి కనుక పులి కనబడే అవకాశం అప్పుడే ఎక్కువ. దేశంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే పట్టణాల్లో చంద్రపూర్ ఒకటని, అక్కడ మే నెలలో 45 డిగ్రీలు దాటడం సర్వసాధారణమని ముందే తెలిసి వెళ్లాలి. ఎండకు తట్టుకోగలిగినా, ఛాయాచిత్రం దృష్టితో చూస్తే వేసవికి ఇంకో లోపం ఉంది. పొద్దున 8 దాటగానే నేల నుంచి లేచే వేడిగాలి వెలుతురును వణికించడం వల్ల, 50, 60 మీటర్ల దూరంలోని జంతువు కంటికి స్పష్టంగానే కనబడినా, చిత్రంలో మాత్రం అంచులు కరిగినట్లు వస్తుంది. అది లెన్సు లోపమనుకొని అమ్మేసుకొన్నవారూ లేకపోలేదు. దీనికి విరుగుడు దగ్గరికి రానిచ్చి తీయడమో, తొలి గంటలో తీయడమో తప్ప యంత్రంలో లేదు. నవంబరు, డిసెంబరు నెలల్లో పులి దర్శనం అంత తేలిక కాకపోయినా, పొగమంచులో వాలుగా దిగే వెలుతురు, పచ్చి గడ్డి, కడిగినట్లున్న ఆకులు చిత్రానికి ఇచ్చే అందం వేసవిలో దొరకదు. ఒక్క ప్రయాణమే వీలైన వారికి ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మధ్య వరకు అనువైన కాలమని చెప్పవచ్చు. అప్పటికి గడ్డి ఎండి చూపు ఆనుతుంది, మోదుగ పూస్తుంది, ఇప్పపూల కోసం ఎలుగుబంట్లు తెల్లవారుజామున బయటికి వస్తాయి.

ఓరుగల్లు ప్రాంతం వారు పంచాంగం కూడా ఒకసారి చూసుకోవాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు లక్షలాది జనం తాడ్వాయి అడవి గుండానే వెళతారు కనుక, ఆ రోజుల్లోనూ, వాటికి ముందు వెనుకల వారాల్లోనూ ములుగు-తాడ్వాయి దారిని ఫొటోల కోసం ఎంచుకోవడం వృథా. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు ఏరే కూలీలు తెల్లవారకముందే అడవిలో ఉంటారు. వారి పని వేళల్లో కెమెరాలతో అడ్డు తగలకుండా, జంతువులను వారి వైపు బెదరగొట్టకుండా మసలుకోవడం యాత్రికుడి బాధ్యత.

పాకాల నుంచి ప్రాణహిత దాకా

ఈ యాత్రకు తొలి బడి ఊరి చెరువే. గోదావరి ఒడ్డున ఏటూరునాగారం అడవి అంచు నుంచి దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా ఎక్కివచ్చే నీళ్లతో ధర్మసాగర్, స్టేషన్ ఘన్‌పూర్ జలాశయాలూ, వాటి నుంచి జనగామ వైపు చెరువులూ నిండుతున్నందువల్ల, ఒకప్పుడు కరవుకు మారుపేరైన ఆ మెట్ట ప్రాంతంలో ఇప్పుడు చలికాలమంతా నీటిపక్షులు కనబడతాయి. కెమెరా గుణమేమిటో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. కెమెరాలోని కాంతి కొలమానం తన ముందున్న ప్రతి దృశ్యాన్నీ మధ్యరకం బూడిద రంగుగా ఊహించుకొని వెలుతురును నిర్ణయిస్తుంది. అందువల్ల తెల్ల కొంగను తీస్తే మురికిగానూ, నల్లటి నీటికాకిని తీస్తే వెలిసిపోయినట్లుగానూ వస్తుంది. కొంగకు వెలుతురు పెంచడం, నీటికాకికి తగ్గించడం కోసం కెమెరా మీద ఉండే మీటను ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. ఘన్‌పూర్ కట్ట మీద ఈ మీట వేలికి అలవాటైన వాడు తాడోబా వెదురు పొదల్లో నల్లటి అడవిదున్న ఎదురైనప్పుడు తడుముకోడు. ఎగిరే పాలపిట్టను వెంబడించడం నేర్చిన చేయి, పరుగెత్తే రేసుకుక్కను కూడా వెంబడించగలదు. పాలపిట్ట, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర చిహ్నాలు కావడం వల్ల కాకపోయినా, పొలం గట్ల మీద తేలికగా దొరకడం వల్ల మొదటి పాఠాలకు పాలపిట్ట మేలైనది.

మహబూబాబాద్ నుంచి వచ్చేవారు గూడూరు మీదుగానూ, జనగామ వారు వరంగల్ మీదుగానూ నర్సంపేట చేరితే, అక్కడికి పదీ పన్నెండు కిలోమీటర్లలో పాకాల చెరువు ఉంటుంది. 1213 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుని కాలంలో, కొండల నడుమ కట్ట కట్టి నిలిపిన ఈ చెరువు చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 860 చదరపు కిలోమీటర్ల ఈ అభయారణ్యం వరంగల్, మహబూబాబాద్ జిల్లాల్లో పరుచుకొని ఉంది. చెరువులో మొసళ్లు, ఒడ్డున కొండముచ్చులు, లోపలి అడవిలో దుప్పులు, ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నా, తాడోబాలోలాగా ఇక్కడ బండెక్కి తిరిగే ఏర్పాటు లేనందువల్ల యాత్రికుడు కట్టను, రోడ్డును విడిచి లోపలికి పోరాదు. ఇది నియమం కోసం నియమం అనుకోరాదు; పందుల కోసం, దుప్పుల కోసం కరెంటు తీగలు పరిచే వేట ఈ జిల్లాల అడవుల్లో ఇంకా ఆగలేదు, ఆ తీగలకు మనుషులు బలైన సందర్భాలూ ఉన్నాయి. పొద్దువాలాక కాలినడకన అడవిలో తిరగడం పులి వల్లకన్నా ఆ తీగ వల్లనే ప్రమాదకరం. కట్ట మీద నుంచే పొద్దుటి వెలుతురులో మొసలి ఒడ్డుకు పాకి నోరు తెరిచి ఎండకాగే తీరు, దాని చుట్టూ కొంగలు దూరం కొలుచుకొని నిలబడే తీరు తీయడానికి ఒక ఉదయం చాలదు.

నర్సంపేట నుంచి మల్లంపల్లి దగ్గర 163వ జాతీయ రహదారి ఎక్కి ములుగు వెళితే, అక్కడి నుంచి ఒక దారి తాడ్వాయి, ఏటూరునాగారం వైపు, మరొకటి గణపురం మీదుగా భూపాలపల్లి వైపు చీలుతాయి. పాకాలతో పాటే 1952లో ప్రకటితమైన ఏటూరునాగారం అభయారణ్యం సుమారు 806 చదరపు కిలోమీటర్లు. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి-మేడారం అడవిలో వేల సంఖ్యలో చెట్లు ఒక్క పూటలో నేలకూలాయి. ఇలాంటి ఖాళీల్లో గడ్డి మొలుస్తుంది కనుక మేసే జంతువులు అక్కడికి ఎలా వచ్చి చేరుతాయో ఏటేటా చిత్రాల్లో నమోదు చేయడం, ఎవరైనా ఓపికగా పూనుకొంటే, పులి ఫొటోకన్నా విలువైన పని అవుతుంది. మధ్యాహ్నపు ఎండలో జంతువులు కనబడవు కనుక ఆ వేళను రామప్ప గుడికో, గణపురం కోటగుళ్లకో కేటాయించుకోవచ్చు.

భూపాలపల్లి నుంచి కాటారం దాకా రోడ్డు మీద బొగ్గు లారీలు, ఇసుక లారీలు బారులు తీరుతాయి. దారిలో దుమ్ము కారణంగా లెన్సు మార్చే పనిని కారు ఆపి, అద్దాలన్నీ ఎక్కించాకే చేయాలి. కాటారం దగ్గర యాత్రికుడు దారి ఎంచుకోవాలి. ఉత్తరంగా మహదేవ్‌పూర్, కాళేశ్వరం మీదుగా గోదావరి దాటి సిరోంచ, ఆలపల్లి, గడ్చిరోలి జిల్లా అడవుల గుండా చంద్రపూర్ చేరవచ్చు. అడవి పరంగా ఇదే అందమైన దారి, కానీ పొడవైనది, పెట్రోలు బంకులూ మెకానిక్కులూ అరుదుగా దొరికేది, చీకటి పడ్డాక ప్రయాణించరానిది. సిరోంచ ప్రాంతపు రాళ్లలో కోట్ల ఏళ్ల నాటి చెట్ల, జంతువుల శిలాజాలున్నాయి. హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం ఈ ప్రాణహిత-గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికినదే. వన్యప్రాణి యాత్రలో ఇది దారి తప్పిన మాటలా ఉన్నా, ఈ లోయ ఎంత కాలంగా జంతువులకు ఇల్లో గుర్తు చేస్తుంది.

రెండో దారి మంథని, గోదావరిఖని మీదుగా మంచిర్యాల చేరి, అక్కడి నుంచి బెల్లంపల్లి, ఆసిఫాబాద్, వాంకిడి, రాజురా, బల్లార్‌పూర్‌ల గుండా చంద్రపూర్ వెళ్లే జాతీయ రహదారి. కుటుంబంతో వెళ్లేవారికీ, మొదటిసారి వెళ్లేవారికీ ఇదే తగినది. వరంగల్ నుంచి ఎక్కడా ఆగకుండా వెళ్లినా ఒక పగటి ప్రయాణం పడుతుంది. మంథని ఎదురుగా గోదావరిలోని శివ్వారం అభయారణ్యం మొసళ్ల కోసం ఏర్పడినది. మంచిర్యాల నుంచి చెన్నూరు వైపు మళ్లితే ప్రాణహిత అభయారణ్యంలో కృష్ణజింకలున్నాయి. ఇంకా సమయముంటే రాబందుల వల్ల పేరుకెక్కిన, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టను చూడవచ్చు. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు మాంసం ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి దేశమంతటా వాటిని తుడిచిపెట్టాక, 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. తెలంగాణలో పొడవు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకొన్న చోటుగా 2013లో వెలుగులోకి వచ్చింది ఈ గుట్టే. అటవీ సిబ్బంది అనుమతి లేకుండా అక్కడికి పోరాదు, పోయినా గూటికి ఎదురుగా నిలబడరాదు. గూడు విడిచి లేచిన రాబందు ఎండకు గుడ్డునో పిల్లనో వదిలేసినట్లే.

ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ అడవులే తాడోబా పులులు తెలంగాణలోకి అడుగుపెట్టే వాకిలి. ఈ అడవులను రాష్ట్ర ప్రభుత్వం 2025లో కుమురం భీం పేరిట సంరక్షణ రిజర్వుగా ప్రకటించి, భూమి హక్కులు పోతాయన్న ఆదివాసుల నిరసనలతో ఆ ఉత్తర్వును నిలిపివేసింది. పులి చిత్రాల కోసం వెళ్లేవాడు ఈ ఊళ్లలో టీ తాగే కాసేపు పశువులు పోగొట్టుకొన్న రైతు మాట వినడం మంచిది. పులి అంటే ఎవరికి ఏమిటో అక్కడ తెలిసినంతగా సఫారీలో తెలియదు.

లెన్సు, బియ్యపు సంచి, వెలుతురు

సామగ్రి విషయంలో చెప్పవలసినది తక్కువే, అయినా ఔత్సాహికులు ఎక్కువగా మాట్లాడుకొనేది దాని గురించే. దూరపు వస్తువును దగ్గరకు తెచ్చే లెన్సు శక్తిని మిల్లీమీటర్లలో చెప్పే కొలతను ఫోకల్ లెంగ్త్ అంటారు. తాడోబాలో చాలా సందర్భాలకు 100-400 లేదా 150-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు సరిపోతుంది. రెండు రోజుల కోసం లక్షలు పోసి కొనవలసిన అవసరం లేదు, హైదరాబాదులో రోజు అద్దెకు దొరుకుతాయి. అద్దెకు తెచ్చిన వస్తువును బయలుదేరే ముందు రోజు కాక, వారం ముందే ఒక పూట వాడి చూడాలి. చేత్తో పట్టి తీసేటప్పుడు చిత్రం చెదరకుండా ఉండాలంటే షట్టర్ వేగం, అంటే కెమెరా కన్ను తెరుచుకొని ఉండే కాలం, కనీసం ఫోకల్ లెంగ్త్ సంఖ్యకు విలోమంగా ఉండాలన్నది పాత లెక్క. 400 మిల్లీమీటర్ల లెన్సుకు సెకనులో 400వ వంతు. నడిచే జంతువుకు దానికి రెట్టింపు, పరుగెత్తేదానికి సెకనులో 1,600వ వంతు పెట్టుకొని, చీకటి నీడల్లో ఆ వేగం దొరక్కపోతే ఐఎస్ఓ అనే కాంతి గ్రహణ శక్తిని పెంచుకోవాలి. దానివల్ల చిత్రంలో గరుకుదనం వస్తుంది, కానీ గరుకైన చిత్రాన్ని ఇంటికొచ్చాక సరిచేసుకోవచ్చు, చెదిరిన చిత్రాన్ని సరిచేయలేము.

జిప్సీలో మూడు కాళ్ల స్టాండు నిలబడదు. దాని స్థానంలో బీన్ బ్యాగ్ అనే చిన్న గుడ్డ సంచిని ఖాళీగా తీసుకువెళ్లి, చంద్రపూర్‌లో కిలోన్నర బియ్యమో శనగలో కొని నింపి, జిప్సీ కమ్మీ మీద వేసి దానిపై లెన్సు ఆనిస్తే చాలు. తిరిగి వచ్చేటప్పుడు ఆ బియ్యం వండుకోవచ్చు కూడా. ఇంజను ఆగితేనే ఈ ఆసరా పనికివస్తుందని, ఆగని బండి వణుకు సంచి గుండా లెన్సుకు పాకుతుందని డ్రైవరుకు ముందే మర్యాదగా చెప్పుకోవాలి. ముఖానికి, కెమెరాకు కప్పడానికి రెండు నూలు తువ్వాళ్లు, విడిగా బ్యాటరీలు, రాత్రి చిత్రాలను రెండో చోట భద్రపరచుకొనే డిస్కు ఉంటే మిగతావన్నీ అదనమే. మే నెల ఎండలో అద్దాలు మూసిన కారులో కెమెరాను, బ్యాటరీలను వదిలి భోజనానికి పోరాదు.

ద్వారం లోపల

దక్షిణం నుంచి వచ్చేవారికి చంద్రపూర్ నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని మొహర్లి ద్వారం దగ్గర. కోలారా ద్వారం ఉత్తరాన, నాగపూర్ నుంచి వచ్చేవారికి అనువైనది. ఈ తేడా తెలియక కోలారాలో సఫారీ, మొహర్లిలో గది ఖాయం చేసుకొన్నవారికి తెల్లవారుజామున చీకట్లో అడవిని చుట్టి పరుగెత్తక తప్పదు. మొహర్లి వైపే అగర్‌జరీ, జునోనా వంటి బఫర్ ద్వారాలున్నాయి. కోర్ సీటు దొరకని పూట వీటిని చిన్నచూపు చూడనవసరం లేదు, తాడోబా పులులు గీతలు చూసుకొని తిరగవు. కోర్‌లోకి సెల్‌ఫోన్లను అనుమతించరు. పులి ఎక్కడుందో ఫోనులో తెలిసి బండ్లన్నీ ఒకే చోట మూగడం ఆపడానికి పెట్టిన ఈ నిబంధన వల్ల ఛాయాచిత్రకారుడికి ఒక లాభం కూడా ఉంది: గైడు చెవుల మీద ఆధారపడక తప్పదు.

ఆ చెవులు వినేదేమిటో తెలుసుకొంటే సఫారీ సగం అర్థమవుతుంది. చెట్టు చిటారున కూర్చున్న కొండముచ్చు దగ్గినట్లు అరిస్తే, గైడు ముందు చూసేది అది ఎటు తిరిగి అరుస్తున్నదన్న సంగతి. చుక్కల దుప్పి సన్నగా కూస్తే ఇంకా అనుమానమే, అది చిన్న అలికిడికే బెదురుతుంది. కణితి గాలి చీల్చినట్లు ఒక్క మోత మోగిస్తే మాత్రం డ్రైవరు ఇంజను ఆపుతాడు, ఎందుకంటే కణితి ఊరికే అరవదని అడవిలో అందరూ నమ్ముతారు. ఆగిన బండిలో వెంటనే కెమెరా ఎత్తడం తొందరపాటు. మొదట చూడవలసినది దారి ఎటు వంగుతున్నది, ఎండ ఎటు నుంచి పడుతున్నది, పులి దారి దాటితే ఏ రెండు చెట్ల నడుమ తెరిపి ఉన్నది అనేవి. మట్టి దారిలో రాత్రి పడిన మంచు మీద ముద్రపడిన అడుగు చదునుగా, అంచులు పదునుగా ఉంటే పులి ఈ ఉదయమే నడిచిందని, ఆ అడుగులో చీమల దారి, రాలిన ఆకు కనబడితే పాతదని గైడ్లు చెబుతారు. ముందే ఆ తెరిపి మీద దృష్టి నిలిపి, నీడకు తగ్గట్టు వెలుతురు సరిచేసుకొని ఎదురుచూసే వాడికి దొరికే మూడు సెకన్లు, హడావిడిగా లేచి నిలబడి తీసేవాడికి దొరకవు.

వెదురు నీడలో అడవిదున్నను తీయడం దీనికన్నా కష్టం. దాని ఒళ్లు నల్లగా మెరుస్తుంది, మోకాళ్ల కింద కాళ్లు తెల్లటి మేజోళ్లు తొడిగినట్లుంటాయి, ఆకుల సందుల్లోంచి పడిన ఎండ మచ్చలు వీపు మీద పాకుతుంటాయి. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే నలుపు బూడిదై, ఎండ మచ్చలు తెల్లటి రంధ్రాలై కూర్చుంటాయి. ఘన్‌పూర్ కట్ట మీద నీటికాకికి చేసినట్లు వెలుతురును ఒక మెట్టు కిందికి దించితే, నలుపులో కండరాల మడతలు, కంటిలో చుక్క వెలుగు నిలుస్తాయి. ముందరి సఫారీలో పులిని చూసి తృప్తిపడ్డ బండ్లన్నీ దీన్ని దాటిపోతాయి కనుక, ఇంజను ఆపి పావుగంట కూర్చొనే వారికి ఇది నిశ్చింతగా దొరుకుతుంది. పులి కోసం తప్ప బండి ఆపవద్దని గైడును తొందరపెట్టేవారు నాలుగు సఫారీల్లో ఒక్క మంచి చిత్రమూ లేకుండా తిరిగి రావడం అరుదేమీ కాదు.

బండిలోంచి దిగకూడదని, ఆహారం చూపి ఆశపెట్టకూడదని, రికార్డు చేసిన కూతలు వినిపించకూడదని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. డ్రోన్ విషయంలో మాత్రం పొరపాటు పడేవారు ఎక్కువ; అనుమతి లేకుండా రక్షిత ప్రాంతం మీద దాన్ని ఎగరేయడం నేరం, పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలకు కూడా ఇదే వర్తిస్తుంది. అభయారణ్యంలో ఛాయాచిత్రణ కోసం చట్టంలోని 28వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు అనుమతి ఇవ్వవచ్చు. 2022 సవరణ తర్వాత ఆ అనుమతికి, ఆవాసాన్ని మార్చకుండా, చెడగొట్టకుండా ఉండాలన్న షరతు స్పష్టంగా చేరింది. తాడ్వాయిలోనో పాకాలలోనో వారాల తరబడి పనిచేయదలచినవారు ఈ దారినే దరఖాస్తు చేసుకోవాలి.

తిరిగి వచ్చాక చిత్రాల పంపకం గురించి కూడా ముందే నిర్ణయించుకొని ఉండడం మంచిది. తాడోబా చిత్రాలను ఎక్కడ పెట్టినా నష్టం తక్కువ. అక్కడ పులులకు కాపలా ఉంది, వందల కళ్లున్నాయి. కొత్తగూడ అడవి అంచునో మహదేవ్‌పూర్ దారిలోనో అనుకోకుండా పులి ఎదురై చిత్రం దొరికితే మాత్రం, ఊరి పేరుతో, సమయంతో, ఫోనులో దానంతటదే నమోదయ్యే స్థల వివరాలతో వాట్సాప్ గుంపులో పెట్టడమంటే ఉచ్చు పన్నేవాడికి చిరునామా ఇవ్వడమే. ఆ చిత్రాన్ని స్థల వివరాలు చెరపకుండానే ఆ పరిధిలోని అటవీ రేంజ్ అధికారికి అందజేయాలి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, ఒకే పులికి కుడి ఎడమ పక్కల చారలు కూడా వేర్వేరుగా ఉంటాయి. కనుక వీలైతే రెండు పక్కల నుంచీ, ముఖం కన్నా ముందు ఒళ్లు నిండుగా కనబడేలా తీయాలి. తాడోబాలో పుట్టిన పిల్ల చారల నమూనా అక్కడి కెమెరా ట్రాప్‌లలో, అంటే జంతువు దాటగానే దానంతటదే తీసే కెమెరాలలో, ఇప్పటికే నమోదై ఉంటే, పాకాల అడవి అంచున దొరికిన ఆ చిత్రంతో దాన్ని పోల్చి, అది ఎన్ని నదులు దాటి, ఎన్ని రోడ్లు దాటి వచ్చిందో అధికారులు చెప్పగలుగుతారు.